పిడికెడు దూది

"అవ్వా, గోడకున్న ఆ విల్లు మా ఇంటికి తీస్కపోదునా?"

తీస్కపోదువులే నాయనా, కూచో. అదేందో ఎరికేనా? దూది ఏకే విల్లు. మా జేజినాయనది, మా నాయనకు నాయన, పెద్ద మస్తానుది.

మనం దూదేకులోళ్లం గదా. కోయిలకుంట్ల తట్టు నల్లరేగడి, యాడ చూసినా పత్తే. ఆయప్ప ఈ విల్లు భుజానేసుకొని ఊరూరూ తిరిగి, పరుపులకూ రాట్నాలకూ దూది ఏకుతాండె. ఆనక మిల్లుగుడ్డలొచ్చె, రాట్నాలు అటకెక్కె. అది చాలదన్నట్టు కరువొచ్చె, తెల్లదొరల కాలంలో. జొన్నలు అప్పుడు రూపాయికి ఎన్ని శేర్లో... మా జేజి, ఆయప్ప పెండ్లాం, చెప్తాండె, మర్సిపోయినా. ఉంటే గదా కొనేది! ఆలుమగలు కరువుపనికి పోయి రోడ్డుకు కంకర కొట్టి, ఆడ పోసే గంజి తెచ్చి పిల్లోళ్లకు తాపుతాండ్రి.

మా జేజి ఉసేనమ్మ శానా గట్టిది, నోరు గూడా అంతే. "గోడకున్న కట్టె కూడు పెడ్తాదా? అమ్మెయ్, పిల్లోళ్లు సస్తాండారు" అనె. కట్టె మంచిదని వడ్రంగాయప్ప జొన్నలమూట తెచ్చె. జేజినాయన విల్లు దించినాడు.

అయితే మనోళ్లకు ఒక కట్టడి ఉండాది. విల్లును ఉత్తగా గడప దాటించగూడదు, పిడికెడు దూదన్నా ఏకి పంపల్ల. ఇంట్లో దూది యాడిది? తలదిండు చించినాడు. వింటికి కట్టిన నరం మీద కొట్టినాడో లేదో, దూది తెల్లగా లేచి ఇల్లంతా తేలె. ఆకలికి మూలుగుతాండే మా నాయనా, మా మేనత్తా లేచి, ఎగిరెగిరి పట్టుకుంటా పకపకా నవ్విరి. ఆ ఇంట్లో నవ్వు ఇనబడి ఎన్నాళ్లాయనో! జేజి ఏడ్చేసె. "మూట తీస్కపోప్పా, గంజితోనే బతుకుతాం" అని వడ్రంగాయప్పను పంపిచ్చేసె. అమ్మమన్నదీ ఆమే, ఆపిందీ ఆమే!

బతికిరి. వానలొచ్చె. శానా ఏండ్లకు స్వరాజ్యమోళ్లు ఖద్దరు కట్టల్లని ఊరూరా రాట్నాలు తిప్పిచ్చిరి. ఏకిన దూది లేకుంటే రాట్నం ఏం వడుకుతాది? విల్లుకు మళ్లీ పనొచ్చె, ఇంట్లో సంకటి ఉడికె.

స్వాతంత్ర్యం వచ్చిన పొద్దు జెండా పట్టుకొని ఊరేగింపొచ్చె. జేజినాయనకు అప్పటికే చూపు ఆనదు. జెండాగుడ్డ వేళ్లతో తడిమి, "ఇది నేనేకిన దూదే" అనె. "ఆ, దేశానికంతా నువ్వే ఏకినావులే!" అనె జేజి. నేను ఆమె కొంగు పట్టుకొని ఉంటి. ఆ కొంగే లాక్కొని కండ్లు తుడ్సుకునె.

దించు నాయనా, మెల్లగ. నీ చేతిలో ఉంటే నాకు సంతోషమే... ఆగాగు, ఉత్తగా తీస్కపోతావా? కట్టడి చెప్తిని గదా. ఆ నా తలదిండు ఇట్లియ్యి, చించుతా. సల్లగుండు... ఊ, కొట్టు...