సున్నం పూసిన కొస

వసారాలో, పిండికట్టు వేసిన కాలు స్టూలు మీద పెట్టుకుని చిన్న కోడలు. ఆమెను చూడటానికి వచ్చిన పెద్ద కోడలు.

"మళ్ళీ అదే అడుగుతావేంటక్కా? నాటిన ముక్కలు కుళ్ళుతున్నాయంటే నీళ్ళెక్కువై ఉంటాయి."

"ఎక్కువేం కాదట. ఇసక ఆరకుండా చిలకరిస్తున్నారంతే. నీడలోనే ఉన్నాయి. అయినా ఒక్క చిగురు లేదు చెల్లీ."

"ఇంతకీ ఎవరివి ఈ టి మొక్కలు, మనం ఆకుల రంగు కోసం పెంచేవేగా? నీవా?"

"ఎవరివైతేనేం... తెలిసినవాళ్ళవి."

"ఓహో, తెలిసినవాళ్ళవి! ఎన్ని ముక్కలేంటి?"

"ఓ ఇరవై... ఇరవై రెండు."

"ఇరవై రెండు! భలే."

"ఎందుకా నవ్వు?"

"నెలన్నరగా కడుపులో దాచుకున్న నవ్వు ఇది. ఈ వసారాలోంచి మాయమైన నా బుట్టలోనూ సరిగ్గా ఇరవై రెండే ఉన్నాయి."

"నా మీద అనుమానమా?"

"అనుమానం దేనికి? నిరుడు నేను మా అమ్మ దగ్గరుంటే మూడు ముక్కలు కోసుకెళ్ళిందెవరు? ఎనిమిదేళ్ళక్కా! గింజ నుంచి పెంచి, పచ్చగా వచ్చినవన్నీ పీకి పారేస్తే ఆ ఒక్కటి మిగిలింది. ఎర్రటి ఆకు, చుట్టూ బంగారు అంచు. నువ్వేమో దాని ముక్కతో పెంచిన మొక్కని పూల ప్రదర్శనలో పెట్టి, పక్కన నిలబడి, ఈ రకం నేనే పుట్టించానని ఫొటో దిగావు. నేను జనంలో నిలబడి చప్పట్లు కొట్టాను, తెలుసా?"

"ఇంటికొచ్చాక అత్తయ్య ముందు, చుట్టాలందరి ముందు నన్ను దొంగ అన్నావు కదా. నోరెత్తానా? తప్పు నాదేనని ఊరుకున్నాను. ఇప్పుడా గొడవెందుకు? ముక్కల సంగతి చెప్పు."

"ఎలా నాటారు?"

"ఎలా ఏంటి, మామయ్య నేర్పినట్టే. ఆకుల్లేని కాడ ముక్కకి తలేదో మొదలేదో తెలీదని, కోసేటప్పుడే పై కొసకి సున్నం పూస్తాం కదా. ఆ సున్నం పైకి ఉండేలా నిలబెట్టి..."

"అదీ! సున్నం పైకి!"

"ఏంటి చెల్లీ?"

"ఈసారి కింది కొసకి పూశాను."

"ఏంటీ?"

"అన్నిటికీ! నా ముక్కలు నేనే నాటుకుంటాను, నాకు తెలుసు. ఎత్తుకెళ్ళేవాళ్ళకి తెలీదుగా. అందుకే బుట్ట నీ కంట్లో పడేలా ఇక్కడే పెట్టాను. మర్నాడే జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాను. నాలుగో రోజుకి బుట్ట లేదు. నువ్వు వాటిని తలకిందులుగా పాతుకుని, పొద్దున్నే లేచి చిగుళ్ళ కోసం వెతుక్కుంటున్నావని తలుచుకుంటే... నొప్పే తెలీలేదక్కా!"

"ఈ సున్నం సంగతి ఇంట్లో ఎవరికైనా చెప్పావా?"

"ఎవరికీ చెప్పలేదు. మీ మరిదికి చెబితే గంటలో నీ చెవిన వేసేస్తాడు."

"పోనీ, తల్లి మొక్క దుంప ఉందిగా? అది మళ్ళీ చిగురిస్తుంది."

"బుట్ట పోయిన రోజే కర్ర పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళి మరిగే నీళ్ళు పోశాను. అది కూడా నీకు దక్కకూడదని."

"అయ్యో, ఎంత పని చేశావు!"

"ఏడువు. నీ మూడూ ఎండిపోయాయని నువ్వే అందరి దగ్గరా ముక్కు చీదావు. ఇప్పుడు నాకూ లేదు, నీకూ లేదు. నా కడుపు చల్లబడింది."

"నీ బుట్ట నేను ముట్టుకోలేదు చెల్లీ."

"మళ్ళీ అబద్ధం!"

"ఒట్టు. నువ్వు మంచం మీదుంటే ముక్కలు ఎండిపోతాయని మీ ఆయనే తీసుకెళ్ళి నాటాడు. వాళ్ళ ఆఫీసు వెనకాల. కట్టు విప్పిన రోజు నిన్ను తీసుకెళ్ళి చిగుళ్ళు చూపిద్దామని. తీరా కుళ్ళిపోతుంటే నీ నోటికి జడిసి నన్ను కనుక్కురమ్మన్నాడు."

"ఆయనా? ఇరవై రెండూనా?"

"ఇరవై రెండూ. నిన్న ఆఖరిది కూడా మెత్తబడిపోయిందట."

"అయితే... అయితే ఇంకెక్కడా లేదా అక్కా? ఒక్కటి కూడా?"

"ఎందుకు లేదు? మా మేడ మీద మూడూ నిక్షేపంగా ఉన్నాయి. ఎండిపోయాయని ఏడవకపోతే నువ్వొచ్చి పీకేసేదానివి."

"అక్కా..."

"ఇప్పుడు కాదు. కట్టు విప్పాక, అత్తయ్యా చుట్టాలూ అందరూ ఉన్న రోజు చూసుకుని మా గుమ్మంలోకి వచ్చి అడుగు, ఒక ముక్క కోసిస్తాను. సున్నం పై కొసకే పూస్తాలే."