కెమెరాలు బంద్ పెట్టుమన్నది ఇందుకేనా

హలో… ఆ గ్రేస్, నేను సంధ్యారాణిని. ఇది మా అమ్మ ఫోన్. నా నంబర్ చూస్తే నువ్వు ఎత్తుతలేవు గద, అందుకే.

… ఛార్జింగ్ లేదా. నాలుగింటి సంది పదిహేను సార్లు చేసిన, పదిహేను సార్లు మోగింది. ఛార్జింగ్ లేకుంటే మోగుతదా? … సరే, వదిలెయ్యి.

మన ఫైనలియర్ ప్రాజెక్టు ఆన్‌లైన్ రివ్యూ నాలుగింటికే గద? … మూడున్నరకే మిద్దె మీదికి పోయి కూసున్న. మాకు సిగ్నల్ ఆడనే ఒస్తది. లింకు తెరిస్తే ఒక్కలు లేరు. మన గైడ్ లలితకుమారి మేడంకు చేస్తే, మీ టీమ్‌ది పదకొండుకే అయిపోయింది, నీకు ఆబ్సెంట్ వేసిన అన్నది.

… టైమ్ మారిందా. మారితే నాకు చెప్పాలె గద.

… గ్రూపుల పెట్టిన్రా? ఏ గ్రూపుల? ఆగు, నా ఫోన్ల చూస్త… మన గ్రూపుల ఆఖరి మెసేజ్ నాదే, సోమవారంది. 'నీళ్ల ట్యాంకర్ల వరుస కోడ్ రాసుడు అయిపోయింది, చూడుండ్రి' అని. దానికి మీరెవ్వరు జవాబు గూడ ఇయ్యలే.

ఏ గ్రూపు, గ్రేస్?

… ఇంకోటా.

… ఎవరెవరున్నరు అండ్ల? … నాగార్జున, విజయశ్రీ, నువ్వు. టీమ్‌ల ఉన్నదే నలుగురం. అంటే నేనొక్కదాన్ని తప్ప.

… మెసేజ్‌లు లేటుగ చూస్తనని. లేటుగ చూస్తే ఒక ఫోన్ కొట్టాలె. గ్రూపు మార్చుకుంటరా?

… ఎవరది పక్కన? ఛార్జర్ అడిగింది ఎవరు? … టీవీ కాదు. అది నాగార్జున గొంతు. మూడు నెలల సంది మీటింగ్‌ల ఆ గొంతు వింటున్న, నాకు తెల్వదా? నువ్వు సరూర్‌నగర్‌ల మీ ఇంట్ల లేవు. ఏడున్నవు?

… దిల్‌సుఖ్‌నగర్‌ల. నాగార్జున వాళ్ల అక్క ఇంట్ల. … విజయశ్రీ గూడ అక్కడనే ఉన్నదా. … ఎప్పటి సంది కలుస్తున్నరు ఇట్ల?

… మొదటి నెల సందా.

మరి మీటింగ్‌ల ఎవరింట్ల వాళ్లు ఉన్నట్టే మాట్లాడితిరి గద. 'హలో, వినపడుతుందా' అని ఒకరినొకరు అడుక్కుంటిరి గద.

కెమెరాలు బంద్ పెట్టుకుందాం, నెట్ మిగుల్తది అన్నది నువ్వే. నేను ఎంత సంబురపడ్డనో తెల్సా? బడంగ్‌పేటల మా గల్లీకి నెట్ సరిగ రాదు, నా కోసమని అందరు బంద్ పెట్టిన్రు అనుకున్న. మా అమ్మకు గూడ చెప్పిన, నా దోస్తులు మంచోళ్లని. మీరంత ఒక్క గదిల కూసున్నది నాకు కనపడొద్దని పెట్టిన్రు.

… మా అమ్మ పంపదనుకున్నరా? మా అమ్మను ఎవరు అడిగిన్రు? క్రిస్మస్‌కు పొద్దంత మీ ఇంట్లనే ఉంటి, అప్పుడు పంపింది ఎవరు? … నేను బాధపడ్తనని చెప్పలేదంటవా. మా అమ్మ తరఫున మీరే వద్దన్నరు, నేను బాధపడ్తనని మీరే అనుకున్నరు. నాకు మాట్లాడేతందుకు ఏం మిగిలింది?

సరే. అది పక్కన పెట్టు. ఇప్పుడు నా సంగతి ఏంది?

ఆబ్సెంట్ అంటే ప్రాజెక్టు ఫెయిల్. ఫెయిలైతే జూన్‌ల చేరాల్సిన నా ఉద్యోగం ఉండదు. మా నాయిన ఆటో స్టాండ్‌ల అందరికి చెప్పుకున్నడు.

మేడం ఒక్కటే అడిగింది. మీ టీమ్ వాళ్లు ఎవరన్న ఒకరు ఫోన్ చేసి, టైమ్ మారింది ఆమెకు చెప్పలేదు, ఆ ట్యాంకర్ల వరుస కోడ్ మొత్తం ఆమెనే రాసింది అంటే, రేపు మళ్ల పిలుస్త అన్నది. నువ్వు చెయ్యి గ్రేస్. రెండు మాటలు. నిజమే చెప్పుమంటున్న.

… హలో?

… గ్రేస్? మ్యూట్ చేసినవా?

… వాళ్లను అడుగుతున్నవా, చెయ్యాల్నా వద్దా అని?

… ఆ, ఉన్న. లైన్లనే ఉన్న. చెప్పు, ఏం తేల్చిన్రు మీరంత?

… ఎందుకు చెయ్యలేవు? … ఏడ్వకు. ఏడ్వకుండ చెప్పు. … మేడం అడిగిందా, ఏ ఇంటికి ట్యాంకర్ ముందు పోవాలెనో ఆ వరుస ఎవరు రాసిన్రని. … నాగార్జున ఏమన్నడు? … ఏమనలే. విజయశ్రీ? … ఆమె గూడ ఏమనలే. మరి?

… నువ్వు.

… నువ్వే రాసినవని చెప్పినవా.

… ఎట్ల రాసినవో చెప్పుమన్నదా? ఏం చెప్పినవు? … నేను నీకు వాయిస్ మెసేజ్‌ల చెప్పినట్టే. మా గల్లీల కోటేశ్వరమ్మత్త నీళ్ల డ్రమ్ములు చూసి వరుస పెట్టే తీరు, ఎవరింట్ల నీళ్లు ముందు అయిపోతే వాళ్ల పేరు పైకి, ఇంట్ల ముసలోళ్లుంటే ఇంకా పైకి. అదంత చెప్పినవా?

… కోటేశ్వరమ్మత్త పేరు గూడ?

… మీ అత్త అని చెప్పినవా.

… మేడం నవ్విందా. … బాగ చెప్పినవన్నదా.

బాగనే చెప్పి ఉంటవు. నీకు అర్థమయ్యేదాక మూడు సార్లు చెప్పిన గద.

… లే, తిట్టను. నాగార్జున అట్ల అంటే తిట్టేదాన్ని. అతను నాకు ఏమైతడు గనక. నువ్వు చేస్తివి, నాకు తిట్లు గూడ ఒస్తలేవు.

… మేడంకు నేనే చేస్త. ఆ మూడు వాయిస్ మెసేజ్‌లు పంపిస్త. తారీఖులు దాంట్లనే ఉంటయి. … నీ పేరు ఖరాబయితదని నాకు తెల్వదా? తెల్సు.

… ఇంటర్ సంది దోస్తులమని యాదికి చేస్తున్నవా? నాకు యాదికున్నది. గందుకే మేడంకు పంపకముందు నీకు చేసిన, నువ్వే చెప్తవని.

… వాళ్లతోని మాట్లాడుకొని మళ్ల చేస్తవా? వద్దు. పెడుతున్న.