నరహరి ఫోన్ గురించి అక్క చెప్పినది

నా పేరు గుండేటి భూదేవి. భర్త పేరు ముత్యం. వయసు ముప్పై ఎనిమిదేళ్లు. సూరత్‌లో, డిండోలిలో ఉంటాను. రింగురోడ్డు దగ్గర ఒక బట్టల మార్కెట్‌లో చీరలు మడతపెట్టే పని చేస్తాను. మెజిస్ట్రేట్ గారి ముందు నేను తెలుగులో చెబుతుంటే, రైల్వేలో పనిచేసే ధర్మారావు గారు హిందీలో వినిపిస్తున్నారు. నన్నెవరూ బెదిరించి ఇక్కడికి తీసుకురాలేదు.

నరహరి నా సొంత తమ్ముడు. మా అమ్మ పోయినప్పుడు వాడికి నాలుగేళ్లు. నేనే పెంచాను. మూడేళ్ల క్రితం గల్ఫ్‌కు వెళ్లి ఒక గోదాంలో పనికి కుదిరాడు.

2025 ఫిబ్రవరి 10, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు వాడు ఫోన్ చేశాడు. నేను డబ్బాలో అన్నం సర్దుకుంటున్నాను.

"అక్కా, బేస్తవారం మార్కెట్‌కు పోకు. బావను గూడ ఆ దిక్కు పోనియ్యకు."

"ఎందుకురా? ఏమైంది?"

"ఎందుకని అడుగకు. జరమొచ్చిందని చెప్పి ఇంట్లనే ఉండు."

"మరి మంగ వాళ్లు వస్తరు గదరా?"

వాడు "నువ్వైతే పోకక్కా" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

మంగ నా పక్కన కూర్చుని పనిచేస్తుంది. ఆమెకు ఆరో నెల. ఆ మధ్యాహ్నం తన డబ్బాలోంచి చింతకాయ తొక్కు తీసి నా అన్నంలో వేసింది. "ఏందే, తింటలేవు?" అంది. నేను డబ్బా మూత పెట్టేశాను.

సాయంత్రం నా భర్తకు చెప్పాను. "పోలీసులకు చెప్తే పోరడు పోతడు" అన్నాడు. చెప్పకపోతే ఏమవుతుందో ఆయన అనలేదు. నేనూ అనలేదు.

మంగళవారం పొద్దున పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. ఇన్‌స్పెక్టర్ రవీంద్ర సాహెబ్ విన్నారు. బేస్తవారం అనగానే లేచి పక్క గదిలోకి వెళ్లి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడారు. తిరిగి వచ్చి, నరహరి ఉన్న దేశం వాళ్లు ఢిల్లీకి హెచ్చరిక పంపారని, అందులో సూరత్ పేరూ గురువారమూ ఉన్నాయని, ఎక్కడన్నది లేదని చెప్పారు. నేను మార్కెట్ పేరు చెప్పాను. తమ్ముడి నంబర్ అడిగారు.

"ఇస్తే పట్టుకుంటరా, సాబ్?" అని హిందీలో అడిగాను.

"అక్కడివాళ్లకు పంపుతాం. పట్టుకుంటారు, బెహన్. నీతో అబద్ధమాడను."

నంబర్ చెప్పాను. ఒక అంకె తప్పు చెప్పాను. వెంటనే సరిచేసి చెప్పాను.

బుధవారం మార్కెట్ కింద బండ్లు నిలిపే చోట, ఒక టెంపోలో చీరల మూటల కింద బాంబులు దొరికాయి. ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు మార్కెట్ తెరిచారు. ఆ టెంపోను గల్ఫ్ నుంచి ఫోన్‌లో మాట్లాడి కిరాయికి ఇప్పించింది నరహరేనని పోలీసులు చెప్పారు. అప్పటికి అందులో ఏం పెడతారో వాడికి తెలుసో లేదో నాకు తెలియదు. సోమవారానికి మాత్రం తెలుసు. బుధవారమే వాడిని అక్కడ పట్టుకున్నారు.

ఈ రోజు ఆ దేశం పంపిన ఫోన్ రికార్డింగ్ నాకు వినిపించారు. టెంపో గురించి మాట్లాడుతున్న గొంతు నా తమ్ముడిదే. రెండుసార్లు వినిపించారు. రెండుసార్లూ వాడిదే.

పోయిన నెల వాడిని జైలు నుంచి నాతో ఫోన్‌లో మాట్లాడనిచ్చారు.

"అక్కా, నువ్వే చెప్పినవా?"

"నేనే చెప్పినరా."

"బేస్తవారం ఇంట్లనే ఉన్నవు గదా?"

"లేదురా. పనికి పోయిన. మంగ పక్కన కూసున్న."

వాడు ఏడ్చాడు. నేను ఫోన్ పెట్టలేదు. జైలువాళ్లే కట్ చేశారు.

ఇక్కడ రాసింది నాకు తెలుగులో చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, నాకు తెలిసిన మేరకు ఇదే నిజం. వాడు నన్ను బతికించుకోవాలని ఫోన్ చేశాడన్న మాట కొట్టివేయకుండా ఉంచమని కోరుతున్నాను.

గుండేటి భూదేవి, ఎడమచేతి బొటనవేలి ముద్ర