బీల్లో దిగిన దాలమ్మ

దాలమ్మ బీల్లోనే బతికిన మనిషంట. బీలంటే మీకు తెల్దేటి, ఊరికీ సముద్రానికీ మద్దిన ఏడాది పొడుగునా నీరు నిలిసీ పల్లం. అందులో తుంగ కోసి సాపలల్లీది, సేపలు పట్టీది, మొగుడు పోయినా అలాగే కూతురు పారమ్మని పెంచి పెల్లి సేసింది. అలాగుండగా ఏటైందంటే, సర్కారోలు ఆ బీలని బంజరని రాసీసి కరెంటు కంపెనీకి ఇచ్చీసినారంట. తుంగ మొలిసీ సోటు బంజరేటర్రా అని ఊరంతా నోరెల్లబెట్టింది. అప్పుడు పట్నం నించి పర్యావరణం సంగమోలొచ్చినారు. ఆల్లలో ఇందుమతని ఒక వకీలమ్మ. ఆవిడ సెప్పిందీ, సర్కారు మీద పెద్దకోర్టులో కేసేద్దాం, ఊరి తరపున ఒకరు మాతో నిలబడాలమ్మా అనీసి. మగోల్లందరూ నేల సూపులు సూసినారు. నాను నిలబడతానని దాలమ్మ లెగిసి ఏలిముద్ర ఏసీసింది.

ఏసింది గానీ, మర్నాడే పారమ్మ ఏడుసుకుంటా పరిగెట్టుకొచ్చింది. "నీ అల్లుడు ఆ కంపెనీ ప్రొక్లైనే కదే నడుపుతున్నాడు! నీ కేసు నా కాపరం మీదకే వచ్చింది, ముద్ర ఎనక్కి తీసుకోయే అమ్మా" అని కాల్లు పట్టీసుకుంది. దాలమ్మ కూతురి తల నిమిరింది గానీ, సరేనన్నేదు. పారమ్మ గుమ్మం దిగి ఎల్లిపోయింది.

కేసు ఇనే రోజు రానే వచ్చింది. అక్కడ కోర్టులో వకీలమ్మ మాటాడతంటే, ఇక్కడ కంపెనీవోల్లు ఏటి సేసినారు? తీర్పొచ్చీలోగా పూడ్చీండి, పూడ్చీసినాక జడ్జిగారు మాత్రం ఏటి సేస్తారనీసి లారీలకి లారీలు మట్టి దింపీసినారు. ప్రొక్లైను ఆ మట్టిని నీల్లలోకి తోస్తంది. దాలమ్మ ఎల్లి దానికెదురుగా బీల్లో దిగిపోయింది. నడుం దాకా బురద. తలెత్తి సూస్తే సీట్లో అల్లుడు కూర్మారావు.

"అత్తా, పైకొచ్చీ. ఈల్లు ఊరుకోరు."

"నాను రాను బాబూ. తోస్తే తోసీ."

గట్టు మీద సూపర్‌వైజరు గొంతు సించుకుంటన్నాడు, "తోయరా! ముసల్ది అదే లెగుస్తాది!" అని. ఇంతలో మట్టి పెల్ల జారి దాలమ్మ గుండెల దాకా వచ్చీసింది. అప్పుడు తెలిసిందంట ఆవిడకి, కాల్లు కదలట్లేదని. ఇప్పుడు రావాలనుకున్నా రాలేదు. ఆ మాట అల్లుడికి సెప్దామా అనుకుంది, సెప్తే జాలికి ఆపినట్టుంటాదని నోరు మూసుకుంది. బయం మాత్రం ఉందనుకో, ఎందుకుండదు? ప్రొక్లైను బక్కెట్టు పైకి లెగిసింది. లెగిసిన బక్కెట్టు అలాగే ఆగిపోయింది. కూర్మారావు ఇంజిను ఆపీసి, తాళం పీకి, బీల్లోకి ఇసిరీసి, ఎనకే తనూ దూకీసినాడు. రెండు సేతుల్తో మట్టి తోడతా, "ఒలమ్మో, కాల్లు ఇరుక్కున్నాయని సెప్పవేటత్తా!" అని ఏడిసినాడంట.

ఆల్లింకా బురదలో ఉండగానే గట్టు మీదున్న ఊరోల్లకి వకీలమ్మ పోను సేసింది, తీర్పొచ్చీదాకా పనులు ఆపీమని కోర్టు సెప్పిందని.

కేసా? ఇంకా నడస్తంది. బీల ఉంది. కూర్మారావు పని ఊడింది. పారమ్మ అమ్మతో మాటాడదు, మొగుడితోనూ మాటాడదు, ఇద్దరికీ కూడు మాత్రం వొండి పంపుతాది. కూర్మారావిప్పుడు అత్తతోపాటే తుంగ కొయ్యడానికెల్తన్నాడు. అంత మిషను తిప్పినోడికి కొడవలి లొంగట్లేదు, మొన్న ఏలు కోసుకున్నాడు. నవ్వకండర్రా, నేర్సుకుంటాడు.