సింహాసనం ఖాళీ లేదు

హాస్టలు కప్పు బాగుచేయించడానికి పూర్వ విద్యార్థులు కలిసిన సాయంత్రం అది. వాళ్ళలో ఒకడైన చారిత్రక నవలాకారుడు ఆ ఖర్చు కోసం తన రాబోయే నవలలో ఒక పాత్రకు పేరుపెట్టే హక్కును వేలం వేశాడు. పాట దక్కించుకున్న సిమెంటు వ్యాపారి, ఒకప్పుడు అతని గదిలోనే ఉన్నవాడు, అతణ్ణి వేదిక వెనక్కి లాగాడు.

"చెక్కు రాసే ముందు ఒక మాట. నన్ను రాజును చేస్తావా?"

"సింహాసనం ఖాళీ లేదురా. రాజు పేరు మారిస్తే పండితులు నా తోలు తీస్తారు."

"పోనీ, సేనాపతిని?"

"రెండో అధ్యాయంలోనే పోతాడు."

"మంత్రిని?"

"రాజుకు విషం పెట్టేది వాడే. మీ ఆవిడ ఊరుకుంటుందా?"

"అయితే చెక్కు జేబులోనే ఉంటుంది."

"ఆగరా బాబూ! మనం బకెట్లు పెట్టుకుని పడుకున్న గది ఇంకా కారుతూనే ఉంది. పైగా నువ్వు తప్ప ఎవడూ పాట పాడలేదు. నువ్వూ జారుకుంటే హాస్టలుకు కప్పూ ఉండదు, నాకు పరువూ ఉండదు."

"సరే, గుర్రానికి పెట్టు నా పేరు. నీ నవలల్లో చివరిదాకా బతికేది అదొక్కటే."

"ఒరేయ్! చివరిదాకా చదివావా?"

"లేదురా, చివరి పేజీలే చూశాను."

"అదే పదివేలు! మా ఆవిడ అట్ట దాటలేదు. రాయరా చెక్కు. పండితులు ఏమన్నా సరే, ఈసారి గుర్రానికే పట్టాభిషేకం!"