తెర మీది నవ్వు

ఆన్‌లైన్ క్లాసు అయిపోయిన కాసేపటికి ఫోన్ మోగితే, నర్సింగ్ చదువుతున్న ఆ అమ్మాయి నిద్రకళ్లతోనే ఎత్తింది. చేసింది పాఠం చెప్పే మేడమ్.

“పడుకున్నావా తల్లీ? గొంతు అలా ఉందేం?”

“లేదు మేడమ్. చెప్పండి.”

“ఏం లేదు, థాంక్స్ చెబుదామని. తెర ముందు కూర్చుంటే గోడకి చెప్పుకుంటున్నట్టే ఉంటోందమ్మా. ఇక నావల్ల కాదు, మానేద్దామనుకున్నా. ఇవాళ నువ్వొక్కదానివి తల ఊపుతూ వింటుంటే ప్రాణం లేచొచ్చింది. కాలిన గాయానికి కట్టు ఎలా కట్టాలో నీకోసమే రెండోసారి చెప్పాను.”

దుప్పటి కింద ఆమె ఒళ్లంతా ముడుచుకుపోయింది.

“మేడమ్…”

“రేపు నువ్వే అందరికీ కట్టి చూపించాలి.”

“అది నేను కాదు మేడమ్. అంటే నేనే, కానీ మొన్న తీసిన వీడియో. క్లాసులో నా బదులు అదే మళ్లీ మళ్లీ తిరిగేలా పెట్టి పడుకున్నాను.”



“అర్థమైందా అని అడిగితే నవ్వావు కదే!”

“అదీ వీడియోలోదే. సిగ్గుతో చచ్చిపోతున్నా మేడమ్. తిట్టండి.”

“తిట్టడానికేముంది? వెర్రిదాన్ని, నేనూ నీకేసి చూసి నవ్వాను.”

ఆ మాటకి అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. గబుక్కున లేచి కూర్చుంది.

“వీడియో కాల్ చేస్తాను, ఎత్తుతారా? మొదటినుంచీ చెప్పండి.”

మేడమ్ ఎత్తింది. చెదిరిన జుట్టునీ, ఉబ్బిన మొహాన్నీ కాసేపు చూసింది.

“గుడ్డ ఏదైనా ఉందా?”

“తువ్వాలు ఉంది.”

“సరే, ముంజేతికి చుట్టు… ఊఁ. బిగుతుగా ఉందా, వదులుగా ఉందా?”

“తెలీడం లేదు మేడమ్,” అంది ఈసారి నవ్వకుండా, తల దించుకుని.