హాకీ కర్రల కుర్చీ

మోకాళ్లు పట్టేసినప్పటి నుంచి అత్తగారు ఎవరైనా చెయ్యిస్తే తప్ప కుర్చీలోంచి లేవలేకపోతున్నారు. కోడలు తన పాత హాకీ కర్రలతో ఒక కుర్చీ చేసి ఆవిడ ముందు పెట్టింది.

"కప్పులు గెలిచిన కర్రలే! రంపం పెట్టడానికి నీకు చేతులెలా వచ్చాయే?"

"అటక మీద చెదలు తినడం కంటే నయం కదత్తయ్యా. కూర్చోండి."

"కూర్చోవడానికేం, ఇదిగో, మహారాణిలా కూర్చున్నా. లేవడానికే తల ప్రాణం తోకకొస్తుంది. ఏదీ, చెయ్యివ్వు."

"ఇవ్వను. కుర్చీ చేతుల చివర కర్రల వంపులున్నాయిగా, అవి గట్టిగా పట్టుకుని లేవండి."

"పడ్డానంటే నీదే పూచీ! అబ్బా... ఆగు, నన్ను పట్టుకోకు! లేచానే!"

"లేచారత్తయ్యా!"

"మీ మామయ్యగారిని పిలువు. నన్ను లేపీ లేపీ నడుం పడిపోయిందంటారుగా, వచ్చి చూడమను."

"పిలుస్తా. ఈలోగా మీరు కూర్చోండి."

"కూర్చోనే కూర్చోను. ఆయనొచ్చేదాకా ఇలాగే నిలబడతా!"